సవరణ: కోర్ డి లా బ్రియేర్ థరోబ్రెడ్ కాదు

పోయిన వారం జంపింగ్ గుర్రాల వంశాల గురించి రాస్తూ కోర్ డి లా బ్రియేర్ అనే గుర్రాన్ని థరోబ్రెడ్ (పరుగు పందేల గుర్రాల జాతి) అనేశాను. పప్పులో కాలేశాను. 1968లో ఫ్రాన్స్‌లో పుట్టిన ఆ స్టాలియన్ (మగ గుర్రం) సెల్ ఫ్రాన్సే అనే ఫ్రెంచి స్వారీ గుర్రాల జాతిది. థరోబ్రెడ్ అయింది దాని తండ్రి రాంట్జావ్. జర్మన్ వంశావళుల్లో థరోబ్రెడ్ పేరు పక్కన రెండు 'ఎక్స్'లు వేస్తారు. తండ్రి పక్కనున్న ఆ గుర్తును నేను కొడుక్కి అంటగట్టాను.

అలాగని దానిలో థరోబ్రెడ్ రక్తం తక్కువేం కాదు. తల్లి వైపు తాత లూరియోజో కూడా ఫ్యూరియోజో అనే థరోబ్రెడ్ కొడుకే. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జంపింగ్ స్వర్ణం గెలిచిన లుట్యూర్ బి అనే గుర్రం కూడా ఫ్యూరియోజో సంతానమే.

ఇంకోటి. "దూకే నేర్పంతా థరోబ్రెడ్ నుంచే" అన్నాను, అది మరీ పెద్ద మాట. థరోబ్రెడ్‌లను తరతరాలుగా ఎంచింది పరుగు కోసం. వార్మ్‌బ్లడ్‌లకు (సెల్ ఫ్రాన్సే లాంటి యూరప్ క్రీడా గుర్రాల జాతులకు) వాటి నుంచి ప్రధానంగా వచ్చినవి తేలికైన ఒళ్లు, చురుకు, దమ్ము. కడ్డీ మీద ముందు మోకాళ్లు గడ్డం కిందికి ముడిచి, వీపు విల్లులా వంచే తీరుకు ఉత్తర జర్మనీలోని హోల్‌స్టైన్‌లో కోర్ డి లా బ్రియేర్ సంతానం పేరుపడింది. దాన్ని ఏ ఒక్క తాత ఖాతాలోనో వేయలేం. పాత పోస్టులో రెండు వాక్యాలూ మార్చాను.