వంతెన దిగిన అడవి వీరుడు

ఆస్ట్రేలియా పేరెత్తితే చాలు, మన ఫ్యామిలీ గ్రూపుల్లో ఎవరో ఒకరు 'క్రొకడైల్ డండీ' సినిమాలోని ఆ కత్తి వీడియో పెట్టేస్తారు. న్యూయార్క్ వీధిలో ఓ కుర్రాడు చిన్న చాకు చూపిస్తాడు. టోపీ పెట్టుకున్నాయన మూరెడు కత్తి దూస్తాడు. కింద "అడవిలో పుట్టిన మగాడంటే ఇదీ!" అని ఓ బాబాయి కామెంటు.

సదరు మగాడు పాల్ హోగన్ గారు. ఆయన తిరిగిన అడవి పేరు సిడ్నీ హార్బర్ వంతెన. అక్కడ ఇనప దూలాల మధ్య రిగ్గర్‌గా, అంటే తాళ్లు, కప్పీలు బిగించే కార్మికుడిగా పనిచేసేవారు. 1971లో ఓ టీవీ టాలెంట్ పోటీకి వెళ్లి, ట్యాప్ డాన్స్ చేస్తూ కత్తులు విసిరే కళాకారుణ్ణని చెప్పుకుని జడ్జీలను ఆటపట్టించారు. కాబట్టి కత్తి అనుభవం లేదని ఎవరూ అనకూడదు.

తర్వాత సొంత కామెడీ షో, సిగరెట్ ప్రకటనలు, 1984లో "మా దేశం రండి, రొయ్యలు కాల్చి పెడతా" అంటూ అమెరికన్లను పిలిచిన టూరిజం ప్రకటన. (లోకాన్నంతా రమ్మన్న ఈ మనిషే 2010లో తల్లి అంత్యక్రియలకు వస్తే, పన్ను గొడవ ఉందని కొన్నాళ్లు దేశం దాటనివ్వలేదు. మర్యాదంటే అదీ.)

1986లో ఆ కత్తి వీడియో తాలూకు సినిమా, 'క్రొకడైల్ డండీ'. కోటి డాలర్ల లోపు ఖర్చు, 32 కోట్లకు పైగా వసూలు, గోల్డెన్ గ్లోబ్, రచనకు ఆస్కార్ నామినేషన్. నిజానికి ఆ సినిమా ఏమీ దాచలేదు. హోగన్ వేసిన అడవి వీరుడు డండీ పక్కవాడి వాచీలోకి దొంగచూపు చూసి, ఆనక సూర్యుడి వంక చూసి టైం చెబుతాడు. రేజరుతో గడ్డం గీసుకుంటున్నవాడు అమ్మాయి రాగానే కత్తి అందుకుంటాడు. నేను వేషగాణ్ణిరా బాబూ అని హీరోనే మొత్తుకుంటుంటే వినేదెవరు!

నాకు ఎంతకీ తనివి తీరని సీను వేరే ఉంది. రాత్రి అడవిలో నెవిల్ అనే ఆదివాసీ కుర్రాడు ఎదురవుతాడు. పట్నం అలవాటు. చీకట్లో తడబడుతూ, అడవంటేనే చిరాకని విసుక్కుంటూ పోతాడు. ఆ వేషం వేసింది డేవిడ్ గుల్పిలిల్. షూటింగ్ జరిగిన ఉత్తర ఆస్ట్రేలియా అడవి కకాడును ఆనుకునే ఉన్న ఆర్నెమ్ ల్యాండ్‌లో, యోల్ంగు అనే ఆదివాసీ ప్రజల్లో పుట్టి, వేట నేర్చి పెరిగినవాడు.

ఆ రోజు రిహార్సల్ ఎలా జరిగి ఉంటుందంటారు?

"గుల్పిలిల్ గారూ, ఆ వేరు తగిలి తూలాలండీ."

"వేరు కనిపిస్తోందండీ."

"కనిపించనట్టు నడవండి."

"కాలికి తెలిసిపోతోందండీ."

"మనం పట్నం నుంచి వచ్చామని కాలికి కాస్త నచ్చజెప్పండి!"

అవతల వంతెన మనిషికి మేకప్ వాళ్లు అడవి దుమ్ము పులుముతుంటారు. ఇవతల అడవి మనిషికి అడవంటే అసహ్యం ఎలా పుట్టాలో పాఠం. మధ్యలో ఓ అసిస్టెంటు మొసళ్ల భయంతో ఆ అడవంటే అసహ్యపడేవాడి వెనకే నక్కి ఉంటాడు.

గుల్పిలిల్ అనామకుడేం కాదు. 1971లోనే 'వాకబౌట్' సినిమాతో ప్రపంచమంతా చూసిన ముఖం. 2014లో కేన్స్ చిత్రోత్సవంలో 'అన్ సెర్టెన్ రిగార్' విభాగంలో ఉత్తమ నటుడు. అలాంటివాడు ఈ సినిమా వచ్చిన ఎన్నో ఏళ్లకు కూడా ఆర్నెమ్ ల్యాండ్‌లోని రామింగినింగ్ అనే ఊళ్లో కరెంటు, కుళాయి లేని గుడిసెలో బతికాడు. 2021లో పోయాడు. నీటి గుంట ఎక్కడుందో, మొసలి ఎటు తిరుగుతుందో వేల ఏళ్లుగా తెలిసిన మనుషుల విద్యనంతా ఊడబెరికి ఓ తెల్లాయన టోపీకి కుట్టారు. వాళ్లకు మిగిల్చింది మాత్రం కొన్ని నిమిషాల కామెడీ. హోగన్‌ను ఏమీ అనను, ఆయన నవ్వించాడు, డబ్బు పుచ్చుకున్నాడు. ఆ టోపీనే దేశమని అమ్మినవాళ్లను అడుగుతున్నాను, సిగ్గనిపించలేదా మీకు?