వయసు పెంచబడును, దేశం మార్చబడును

వింత ప్రదర్శనల చరిత్రకారులు ప్రదర్శకుల గురించే రాస్తారు. వారి పుట్టుపూర్వోత్తరాలను తిరగరాసిన ప్రచారకర్తలకు తగిన గౌరవం దక్కలేదు. ఆ లోటు తీర్చవలసిన బాధ్యత నా మీద పడింది.

1842లో అమెరికా వింత ప్రదర్శనల వ్యాపారి పి.టి. బార్నమ్ చేతికి చిక్కిన చార్లెస్ స్ట్రాటన్ కనెక్టికట్ పిల్లవాడు. అయిదేళ్లు నిండలేదు, ఎత్తు రెండడుగుల పైచిలుకు. అంత చిన్నవాడు పొట్టిగా ఉంటే జనం 'రేపు పెరుగుతాడులే' అనుకుంటారు గానీ టికెట్ కొనరు. అందుకని పదకొండేళ్ల వయసు, ఇంగ్లండ్ జన్మస్థలం, జనరల్ టామ్ థంబ్ అనే పేరు ప్రసాదించారు. మన దగ్గర బడిలో వేసేటప్పుడు రెండేళ్లు తగ్గిస్తే ఉద్యోగం రెండేళ్లు పొడుగవుతుంది. అక్కడ ఆరేళ్లకు పైగా కలిపితే ఉద్యోగమే వచ్చింది, సైన్యం ముఖం చూడకుండా జనరల్ హోదాతో సహా.

భూగోళం కూడా ఈ ప్రచారకర్తలకు అడ్డు రాలేదు. ఒహాయో పొలంలో పెరిగిన డేవిస్ అన్నదమ్ములు 'బోర్నియో అడవి మనుషులు' అయ్యారు. కాకసస్ ప్రాంతపు 'సర్కాసియా సుందరి' కావాలంటే జుట్టును బీరుతో కడిగి గుబురుగా నిలబెడితే చాలు, కాకసస్ కొండలు చూసి ఉండనక్కరలేదు.

అయితే వీటన్నిటికీ పునాది 1835లో పడింది. జాయిస్ హెత్ అనే చూపులేని నల్లజాతి వృద్ధురాలిని, బానిసను, జార్జ్ వాషింగ్టన్‌ను పెంచిన దాదిగా, 161 ఏళ్ల వయసుతో బార్నమ్ ప్రదర్శించాడు. రుజువుగా మడతలు నలిగి పసుపు పచ్చబడిన అమ్మకపు పత్రం ఒకటి ఉంది: 1727, వయసు 54, ధర 33 పౌన్లు. లెక్క కడితే 162 వస్తుంది. ఒక ఏడాది తగ్గించి చెప్పడం వినయమే అయి ఉండాలి. జనం పలచబడగానే, ఆమె మనిషే కాదు, తిమింగలపు ఎముకా రబ్బరూ కలిపి చేసిన మరబొమ్మ అని పత్రికకు ఒక ఉత్తరం వెళ్లింది. చూసినవాళ్లే మళ్లీ టికెట్ కొన్నారు.

మరుసటి ఏడాది ఆమె చనిపోయింది. శవపరీక్షకూ టికెట్ పెట్టారు, తలకు 50 సెంట్లు. వయసు 80కి మించదని వైద్యుడు తేల్చాడు. వెంటనే బార్నమ్ సహాయకుడు లైమన్ ఒక పత్రికా సంపాదకుడికి అసలు రహస్యం చెప్పాడు: కోసింది వేరొకరి శవమట, జాయిస్ కనెక్టికట్‌లో క్షేమంగా ఉందట. సంపాదకుడు అచ్చు వేశాడు.