పుస్తకంలోని కిడ్నీ రోగి వేరు, ఉద్దానం రోగి వేరు

నర్సింగ్ చదివే ఏ అమ్మాయిని అడిగినా కిడ్నీ జబ్బు లక్షణాలు గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. ముఖం ఉబ్బుతుంది, కాళ్లకు నీరు పడుతుంది, మూత్రం నురగగా వస్తుంది, బీపీ పెరుగుతుంది. పరీక్షలో మార్కులూ వీటికే పడతాయి. ఇందులో తప్పేమీ లేదు. కానీ శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జబ్బు మొదలయ్యే దశలో వీటిలో దాదాపు ఏదీ కనిపించదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏళ్ల తరబడి జనాన్ని తినేస్తున్న ఈ జబ్బు రక్తాన్ని వడపోసే గ్లోమెరులస్ జోలికి ముందుగా పోదు. మూత్రనాళికలనూ వాటి చుట్టూ ఉన్న కణజాలాన్నీ దెబ్బతీస్తుంది. అందుకే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పెద్దగా పోదు. ఒళ్లు నీరు పట్టదు. చాలామందికి షుగర్ ఉండదు, మొదట్లో బీపీ కూడా ఉండదు. తోట పనికి వెళ్లే మనిషి నీరసంగా ఉందంటాడు, అన్నం సయించడం లేదంటాడు. అంతే.

ఇలాంటి మనిషికి మూత్రంలో ప్రొటీన్‌ను పట్టే స్ట్రిప్ ముంచి చూసి, రంగు మారలేదు కదా, కిడ్నీలు బాగానే ఉన్నాయని పంపేస్తే ఏమవుతుందో ఆలోచించండి. మళ్లీ వచ్చేసరికి చేయగలిగింది చాలా తగ్గిపోయి ఉంటుంది. రక్తంలో క్రియాటినిన్, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం, ఎంతుందో చూడాల్సిందే. ఆ అంకెనూ గుడ్డిగా నమ్మకూడదు. కిడ్నీల పనితనం దాదాపు సగం పోయేదాకా క్రియాటినిన్ మామూలుగానే కనిపించవచ్చు. కండ పట్టిన పాతికేళ్ల కుర్రాడికి 1.2 ఉంటే మామూలే కావచ్చు, బక్కపలచని అరవై ఏళ్ల అవ్వకు అదే 1.2 ఉంటే ఆలోచించాలి. వయసు, ఆడా మగా లెక్కలోకి తీసుకుని జీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోస్తున్నాయో, లెక్క కట్టాలి. అది మూడు నెలలకు మించి 60 కంటే తక్కువగా ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, 15 దిగువకు పడితే ఐదో దశ, అంటే చివరిది. ఈ లెక్కను డాక్టర్ల పనిగా వదిలేయడం నాకు సరిగా అనిపించదు. ఊళ్లోని హెల్త్ క్లినిక్‌లో రోగిని మొదట చూసేది కిడ్నీ డాక్టరైన నెఫ్రాలజిస్టు కాదు, బీఎస్సీ నర్సింగ్ చదివి ఎంఎల్‌హెచ్‌పీగా (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా) చేరిన అమ్మాయి.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. హిరమండలం నుంచి పైపుల్లో మంచినీళ్లు తెచ్చారు. రెండూ ఎప్పుడో జరగాల్సిన పనులు. జబ్బుకు కారణం మాత్రం ఇంకా తేలలేదు. నీళ్లు, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోవడం, నొప్పుల మాత్రలు, వంశపారంపర్యం, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. ఎల్ సాల్వడార్, నికరాగ్వా చెరకు తోటల కూలీల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు రైతుల్లోనూ ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఇదే చర్చ. కారణం తేలేదాకా మన చేతిలో ఉన్నది ముందుగా పసిగట్టడం. ఒళ్లునొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మింగే కూలీని కూర్చోబెట్టి ఆ మాత్ర కిడ్నీకి ఏం చేస్తుందో చెప్పడం. రెండూ నర్సు చేయగలిగినవే.

ఇక ఆసుపత్రి వార్డులోకి వద్దాం. ఇక్కడ అన్నిటికన్నా విలువైనదీ, అందరూ చిన్నచూపు చూసేదీ ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టే, అంటే రోగి ఒంట్లోకి ఎంత నీరు వెళ్లిందో, ఎంత బయటికి వచ్చిందో రాసే కాగితం. నైట్ డ్యూటీ దిగే ముందు వరసగా మంచాల దగ్గర ఆగి, మూత్రం చేరే యూరోబ్యాగ్ వైపు ఒక చూపు చూసి, అందరికీ గుండుగుత్తగా 800, 1000 అని రాసేయడం చాలా వార్డుల్లో మామూలైపోయింది. అర్ధరాత్రి అటెండెంటు బ్యాగ్ ఖాళీ చేసి పారబోసింది ఎంతో ఎవరూ అడగరు. కిడ్నీ హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు క్రియాటినిన్ పెరగడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, మూత్రం తగ్గడం గంటల్లోనే తెలుస్తుంది. అరవై కిలోల మనిషికి గంటకు కనీసం 30 మిల్లీలీటర్లు రావాలి. వరసగా ఆరు గంటలు అంతకన్నా తగ్గితే డాక్టరును నిద్రలేపాల్సిందే. డెంగ్యూలో, వాంతులు విరేచనాల్లో, పెద్ద ఆపరేషన్ తర్వాత, పాముకాటులో ఎన్నో ప్రాణాలు ఆ ఆరు గంటల్లోనే నిలబడతాయి. కొలవకుండా రాసిన 800 ఆ అవకాశాన్ని మింగేస్తుంది. దీని గురించి ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. రోజూ ఒకే వేళకు బరువు చూడటం కూడా ఇలాంటిదే. ఒక్క రోజులో కిలో పెరిగాడంటే ఒంట్లో సుమారు లీటరు నీరు చేరినట్టు.

మూత్రం బయటికి రావడానికి పెట్టే గొట్టం, క్యాథెటర్, గురించి క్లాసులో వేసే విధానం బాగా చెబుతారు, తీసేయడం గురించి అంతగా చెప్పరు. అది లోపల ఉన్న ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. కాబట్టి రౌండ్స్‌లో "ఇది ఇంకా అవసరమా సార్" అని అడగడం విద్యార్థి దశలోనే అలవాటు కావాలి. బ్యాగ్ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. కల్చర్‌కు శాంపిల్ బ్యాగ్‌లోంచి తీయకూడదు. ఒక మాట ఈ నర్సింగ్ పిల్లల గురించి కూడా చెప్పాలి. డ్యూటీలో బాత్రూంకి వెళ్లే తీరిక లేక, నీళ్లు తాగితే వెళ్లాల్సి వస్తుందని తాగకుండా గడిపేవాళ్లు ఎందరో. ఆడవాళ్లకు మూత్రమార్గం సుమారు నాలుగు సెంటీమీటర్లే, ఇన్ఫెక్షన్ త్వరగా పైకి పాకుతుంది. మూత్రంలో మంట గురించి రోగికి పాఠం చెప్పే అమ్మాయికి ముందు శుభ్రమైన టాయిలెట్టు, వెళ్లొచ్చే వ్యవధి కాలేజీ, ఆసుపత్రి ఇవ్వాలి.

"నీళ్లు బాగా తాగండి" అనే సలహా రాళ్లున్నవాడికీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నవాడికీ మందే. మూత్రం రాని డయాలిసిస్ రోగికి అదే మాట ఊపిరితిత్తుల్లోకి నీరు తెస్తుంది. నిన్న వచ్చిన మూత్రం ఎంతో దానికి ఇంకో అర లీటరు కలిపి, అందులోనే మజ్జిగ, చారు, టీ అన్నీ సర్దుకోమని లెక్క చెప్పాలి. ఉద్దానం కొబ్బరి తోటల సీమ. ఇంటి ముందు చెట్టున్న మనిషికి బోండం ముట్టుకోవద్దని చెప్పాల్సి రావడం ఎంత కష్టమో. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. ఈ సంగతి కారణంతో సహా చెబితేనే మనిషి మానేస్తాడు. ఊరగాయ, ఉప్పుచేప సంగతీ అంతే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుందని కూడా చెప్పాలి. మన భోజనం తెలియకుండా డైట్ చార్టు చదివి వినిపిస్తే ఎవరూ పాటించరు.

మారాల్సింది ముందు ప్రాక్టికల్ పరీక్ష. జబ్బు నిర్వచనం అడగడం కాదు, ఒక రోగి మూడు రోజుల చార్టు, బరువులు, క్రియాటినిన్ చేతికిచ్చి ఏం జరుగుతోందో చెప్పమనాలి. ఫిస్టులా (డయాలిసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపి కుట్టిన చోటు) ఉన్న చెయ్యి చూపించి, ఆ చేతికి బీపీ పట్టీ కట్టకుండా, సూది గుచ్చకుండా, వేళ్లతో తాకి లోపలి అదురు ఉందో లేదో చూస్తుందా అని గమనించాలి. కిడ్నీ జబ్బు మొదటి దశల్లో ఉన్న రోగికి సెలైన్ పెట్టాల్సి వస్తే, రేపటి ఫిస్టులా కోసం ముంజేతి నరాలను కాపాడి అరచేతి వెనుక నరం ఎంచుకుంటుందా అన్నదానికీ మార్కులు ఉండాలి. ఉత్తరాంధ్ర నర్సింగ్ కాలేజీల విద్యార్థులను కమ్యూనిటీ పోస్టింగ్‌కు ఉద్దానం పల్లెలకు పంపాలి. అక్కడ వాళ్లు రాసుకున్న కేసు రికార్డులనే తర్వాతి బ్యాచ్‌కు పేర్లు తీసేసి పాఠాలుగా చెప్పవచ్చు.