సవరణ: బృహద్ధమని ఉబ్బు, రక్తపు వాంతి
పొట్టలో బృహద్ధమని (గుండె నుంచి వచ్చే అతిపెద్ద రక్తనాళం) ఉబ్బు ఉన్నవాళ్లకు రక్తపు వాంతయితే ఎండోస్కోపీ చేస్తే కారణం తేలిపోతుందని మొన్నటి పోస్టులో ఉంది. అంతటితో తేలదు. ఉబ్బిన ధమని చిన్నపేగు మొదటి భాగానికి, ఎక్కువగా దానిలోని మూడో భాగం దగ్గర, అతుక్కుని రంధ్రం పడి రక్తం పేగులోకి కారవచ్చు. మామూలు ఎండోస్కోపీ గొట్టం చాలాసార్లు అంతదూరం పోదు. మొదట కొంచెం రక్తం పడి ఆగిపోతుంది. ఆ ఆగడాన్ని నమ్మొద్దు, దయచేసి! గంటల్లోనో రోజుల్లోనో ప్రాణం తీసేంత రక్తస్రావం రావచ్చు. బీపీ నిలకడగా ఉంటే వెంటనే సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) చేయాలి. పడిపోతుంటే నేరుగా ఆపరేషనే. స్టెంటు గ్రాఫ్టుతో (ధమని లోపల అమర్చే కృత్రిమ గొట్టం) రక్తం ఆపవచ్చు గానీ, పేగు నుంచి ఇన్ఫెక్షన్ పాకే భయం మిగిలే ఉంటుంది.

గతంలో బృహద్ధమనికి గ్రాఫ్టు (కృత్రిమ నాళం) వేయించుకున్నవాళ్లలో ఈ చిక్కు మరీ ఎక్కువ. పలమనేరు, పుంగనూరు నుంచి తిరుపతికి వచ్చేవాళ్లు పాత సీటీ ఫిల్ములు, డిశ్చార్జి సమ్మరీ వెంట తెచ్చి, గ్రాఫ్టు సంగతి డ్యూటీ డాక్టరుకు మొట్టమొదటే చెప్పండి.