బొబ్బిలి కోటను నేల మీద పరిచిన పత్రిక

మేడ మీద గది ఖాళీ చేస్తున్నాం. రేకు పెట్టెలోని పాత ఇంగ్లిషు పత్రికలను తూకానికి వేసేద్దామని ఇంట్లో అందరూ అన్నారు. నేను ఒప్పుకోలేదు. మూడు రోజులుగా విజయనగరంలో మా ఇంటి వసారాలో కూర్చుని వాటినే తిరగేస్తున్నాను.

అవి వైట్ డ్వార్ఫ్ సంచికలు. బల్ల మీద బొమ్మ సైనికులను నిలిపి, టేపుతో దూరం కొలిచి, పాచికలు వేసి యుద్ధం ఆడేవాళ్ల పత్రిక. 1977లో ఇంగ్లండులో మొదలైంది. మా మావయ్య ఓడలో పని చేసేవారు. సెలవుకు వచ్చినప్పుడల్లా నాకోసం నాలుగైదు సంచికలు తెచ్చేవారు. తొలినాళ్లలో ఆ పత్రిక డంజియన్స్ అండ్ డ్రాగన్స్, ట్రావెలర్ వంటి ఇతరుల ఆటల గురించి కూడా రాసేది. 1980ల చివరికి తన సంస్థ గేమ్స్ వర్క్‌షాప్ ఆటలకే పరిమితమైంది. అక్కడే అది పాడైపోయిందనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. నాకు 1990ల సంచికలే ప్రాణం, కారణం వాటిలోని యుద్ధ నివేదికలు.

ఇద్దరు ఆటగాళ్లు ఆడిన ఒక్క ఆటను పేజీలకు పేజీలు రాసేవారు. ఎవరి సేన ఎక్కడుందో పటం వేసి చూపేవారు. ఆట మొదలుకాకముందు ఇద్దరూ తమ పథకం చెప్పేవారు. ముగిశాక, ఓడినవాడు ఎక్కడ తప్పు చేశాడో తానే రాసేవాడు. గుర్రపుదళాన్ని తొందరపడి ముందుకు పంపానని, కొండ మీద ఫిరంగి పెట్టకపోవడం తన పొరపాటేనని. ఓటమిని అంత ఓపికగా విప్పి చూపించిన రాత నేను ఆ వయసులో మరెక్కడా చదవలేదు.

ఆ బొమ్మలు నా దగ్గర ఒక్కటీ లేవు. చింతపిక్కలు కాల్బలం, సీతాఫలం గింజలు గుర్రాలు, పెన్ను మూతలు ఫిరంగులు. థర్మాకోల్ ముక్కలు కోసి కొండలు చేశాను. ఆ పత్రికే నేర్పింది అది: కొండలూ ఇళ్లూ చేతితో చేసుకోవచ్చని.

అలా ఒక వేసవిలో నేను పరిచిన మొదటి పెద్ద యుద్ధం బొబ్బిలి. 1757 జనవరి 24. ఒకవైపు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం రాజు విజయరామరాజు బలగం. మరోవైపు మట్టి కోటలో బొబ్బిలి రాజు రంగారావు, ఆయన మనుషులు. మా వీధిలో బుర్రకథ విని కన్నీళ్లు పెట్టుకున్నవాణ్ణే. కానీ నేల మీద సుద్దముక్కతో కోట గీసి పెన్ను మూతలను చుట్టూ పెట్టినప్పుడే మొదటిసారి అర్థమైంది, ఫిరంగి దూరం నుంచే బురుజును పగలగొడుతుంటే కత్తి పట్టినవాడికి ఎంత తక్కువ దారి మిగులుతుందో. అప్పుడు వాళ్ల తెగింపు నాకు ఇంకా పెద్దదిగా కనిపించింది.

నా కోపమల్లా ఇక్కడే. బొబ్బిలిని మనం పాడుకున్నాం, నాటకం కట్టాం, పిల్లలకు కథగా చెప్పాం. బల్ల మీద పరచలేదు. 1794లో పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో పోరాడి చిన విజయరామరాజు నేలకొరిగారు. ఆ మైదానంలో ఎవరు ఎటు నుంచి వచ్చారో గీసి చూపే పిల్లల పుస్తకం ఒక్కటైనా నా కంటపడలేదు. ఇలాంటి ఆట మనకు కొత్త అంటే నమ్మను. మా తాతగారి అరుగు మీద పులి-మేక గీతలు ఉండేవి. 3 పులులు, 15 మేకలు. రెండు వైపులా బలం వేరు, నడక వేరు, గెలుపు వేరు. అసమాన యుద్ధాన్ని ఆటగా మలచడం మన అరుగులకు బాగా తెలుసు.

మా తమ్ముడి కొడుకు ఆ సంచికలు పట్టుకుని నిన్న నా పక్కన చేరాడు. "పెదనాన్నా, కోట ఎలాగూ పడిపోతుంది కదా, రంగారావు వైపు ఆడేవాడు గెలిచేదెలా?" అని అడిగాడు. ఎన్ని వంతులు నిలబడితే అన్ని మార్కులు అని చెప్పాను. వాడు ఊరుకోలేదు. యుద్ధం నాడు బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడని, కబురు సమయానికి అందలేదని మన వైపు చెప్పుకుంటారు కదా. కబురు అందితే? అన్నాడు.

పాత సంచికల్లో దానికి పద్ధతి ఉంది. ఆలస్యంగా వచ్చే దళం కోసం ప్రతి వంతులోనూ పాచిక వేయాలి. ఎంత పడితే రావాలన్నది మేమిద్దరం ఇంకా తేల్చలేదు. వాడు నాలుగు అంటున్నాడు, నేను ఆరు అంటున్నాను.