నీళ్ల కింద మార్డేల్ గ్రీన్

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ నగరం తాగునీటి కోసం హాజ్‌వాటర్ డ్యామ్ కట్టి మార్డేల్ గ్రీన్ అనే ఊరిని ముంచేసిన కథ మీ వ్యాసంలో బాగా రాశారు. కానీ సమాధుల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు. నా మనసును పిండేసింది అదే. నీళ్లు రాకముందే 97 మంది అవశేషాలు తవ్వి తీశారు. ఎక్కువమందిని షాప్ అనే పక్క ఊళ్లో మళ్లీ పూడ్చారు. చర్చిలో చివరి ప్రార్థన 1935 ఆగస్టులో. తర్వాత దాన్నీ కూల్చి, ఆ రాళ్లను రిజర్వాయర్ నుంచి నీళ్లు తీసే టవర్‌కే వాడారు!

2022లో వానల్లేక నీళ్లు అడుగంటినప్పుడు వెళ్లి చూశాను. నెర్రెలిచ్చిన బురద, దారికి రెండువైపులా రాతి గోడలు, ఓ చిన్న వంతెన. గోడ మీద చెయ్యి వేస్తే ఎండిన ఒండ్రు పొడిపొడిగా అంటుకుంది. చాలాసేపు చెయ్యి తీయలేకపోయాను.