జావా భాషలో మర్యాద: మాటలో తప్పు దొర్లుతుందేమోనన్న భయం

తెలుగులో 'నువ్వు'కు బదులు 'మీరు' అని, క్రియ చివర మార్చి గౌరవం చూపుతాం. ఇండోనేషియాలోని జావా భాషలో చాలాచోట్ల అసలు మాటే మారిపోతుంది. తినడాన్ని చనువుగా చెప్పే 'ఙొకో'లో 'మంగాన్' అంటారు, మర్యాదగా చెప్పే 'క్రమ'లో 'నెడా' అంటారు, పెద్దవారు తినడాన్ని మాత్రం 'డహార్' అంటారు. ఈ మూడోది 'క్రమ ఇంగిల్' అనే గౌరవ పదజాలానికి చెందింది. చేతికి 'అస్తా', తలకు 'ముస్తకా', బిడ్డకు 'పుత్ర' అనే ఆ మాటల్లో మన హస్తం, మస్తకం, పుత్రుడు వినిపిస్తాయి. 'క్రమ' అన్న పేరూ సంస్కృతం నుంచి వచ్చిందే.

దీన్ని మూడు మెట్ల నిచ్చెన అనుకుంటే అసలు విషయం చేజారుతుంది. ఙొకోనా క్రమనా అన్నది వినేవారిని బట్టి తేలుతుంది, క్రమ ఇంగిల్ ఎవరి గురించి మాట్లాడుతున్నామో వారిని బట్టి వస్తుంది. అందుకే స్నేహితుడితో ఙొకోలోనే ముచ్చటిస్తూ కూడా, అతని తండ్రి భోంచేశారని చెప్పాల్సివస్తే 'డహార్' అనాలి. ఆ మాటను తనకు తాను వాడుకోవడం మాత్రం పెద్ద తప్పు. తనను తగ్గించుకుని ఎదుటివారిని పెంచే ఈ సున్నితత్వం నాకు ఎంతో విలువైనదిగా తోస్తుంది.

అయితే ఇందులో అధికారం కూడా ఉంది. ప్రాచీన జావా భాషలో ఇంత విస్తారమైన విభజన లేదు, మతరాం సుల్తానుల రాజ్యకాలంలోనూ ఆ తర్వాతి ఆస్థానాల్లోనూ అది పెరిగింది. కిందివాడు క్రమలో విన్నవించుకుంటే పైవాడు ఙొకోలో బదులిచ్చేవాడు. 19వ శతాబ్ది చివర బ్లోరా ప్రాంతంలో మొదలైన సామిన్ రైతు ఉద్యమంలో చేరినవారు అధికారులతోనూ ఙొకోలోనే మాట్లాడారు. 1917లో సురబయలో పుట్టిన 'జావా దీపా' ఉద్యమం క్రమను పక్కనపెట్టి అందరూ ఙొకోలోనే మాట్లాడాలని కోరింది. 1928లో దేశంలోని యువజన సంఘాలు చేసిన 'యువజన ప్రతిజ్ఞ'లో మలయ్ మూలాలున్న ఇండోనేషియా భాషను జాతి ఐక్యతా భాషగా ప్రకటించినప్పుడు, ఈ అంతరాల బరువు లేని ఒక దారి జావా ప్రజలకూ దొరికింది.

ఇప్పుడు ఎందరో యువకులు పెద్దల ముందు ఆ దారే పడుతున్నారు. క్రమలో తప్పు దొర్లితే అమర్యాద అవుతుంది, ఇండోనేషియా భాషలో ఆ భయం లేదు. కాబట్టి యువతకు మర్యాద తెలియదని నిందించడం అన్యాయం, మర్యాద తప్పకూడదన్న పట్టింపే వారిని మాతృభాషకు దూరం చేస్తోంది.

బిడ్డకు క్రమ నేర్పడానికి తల్లిదండ్రులు ఆ బిడ్డ గురించే గౌరవ పదాలు వాడి మాట్లాడే పద్ధతి జావా ఇళ్లలో పాతదే. అలా విన్న బిడ్డ ఒకనాడు తన గురించే 'డహార్' అంటుంది. అప్పుడు పెద్దలు నవ్వకుండా, మందలించకుండా, సరైన మాటను తామే ఒకసారి పలికి సంభాషణ కొనసాగిస్తే, ఆ బిడ్డ మరుసటిరోజు కూడా క్రమలోనే నోరు తెరుస్తుంది.